కారులో ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కారులో పాట వినిపించాలని పూనుకున్న మొదటి తరం వాళ్ళకి ఎదురైన దొంగ అచ్చం అలాంటివాడే. వాళ్ళకి అడ్డం వచ్చింది రోడ్డు మీది రణగొణధ్వని కాదు, స్టేషను దూరమూ కాదు. సాక్షాత్తూ ఆ కారే!

ఎలాగంటారా? పెట్రోలు ఇంజను నడవాలంటే లోపల నిమిషానికి వేలసార్లు నిప్పురవ్వ పుట్టాలి. అందుకోసం వేల వోల్టుల కరెంటు స్పార్క్ ప్లగ్గు దగ్గర చిన్న సందును దాటి దూకుతుంది. దూకినప్పుడల్లా రేడియో తరంగాలు పుడతాయి. 1880ల చివర జర్మనీలో హెర్ట్జ్ ఆ తరంగాలున్నాయని రుజువు చేసింది ఇలాంటి రవ్వలతోనే. 1901లో మార్కోనీ అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతం పంపిందీ రవ్వల యంత్రంతోనే. అంటే రేడియో వినడం నేర్చుకోకముందే ప్రతి కారూ ఓ బుల్లి ప్రసారకేంద్రం అన్నమాట! పాటా లేదు, మాటా లేదు. ఒట్టి టకటకలే.

ఈ దొంగతో తలపడ్డవాళ్ళలో ముఖ్యుడు చికాగోకు చెందిన పాల్ గాల్విన్. 1928లో తన సోదరుడు జోసెఫ్‌తో కలిసి, 565 డాలర్లూ అయిదుగురు పనివాళ్ళూ పెట్టుబడిగా చిన్న కంపెనీ పెట్టాడు. బాటరీలతో నడిచే రేడియోలని ఇంటి కరెంటుతో నడిపించే సాధనం వాళ్ళ సరుకు. కొద్దికాలానికే ఆ ఏర్పాటు లోపలే ఉన్న రేడియోలు వచ్చేశాయి. దానికి తోడు 1929లో షేర్ల మార్కెట్టు కుప్పకూలింది. ఇక కారు రేడియో అతనికి సరదా కాదు, బతుకుతెరువు.

కారులో రేడియో అంతకుముందూ కొందరు పెట్టించుకున్నారు. అది డబ్బున్నవాళ్ళ ముచ్చట. మామూలు మనిషి కొనగలిగేలా, మామూలు కారులో పనిచేసేలా చెయ్యడమే గాల్విన్ పంతం. ఇంజనీర్లు విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ తోడయ్యారు. 1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదార్ల సభ జరుగుతుంటే, లోపల దుకాణం పెట్టే స్తోమత లేక గాల్విన్ తన స్టూడిబేకర్ కారుని బయట నిలబెట్టి రేడియో మోగించాడు. ఆ సెట్టుకి పెట్టిన పేరు మోటరోలా. 1947లో కంపెనీకీ అదే పేరయింది.

అప్పు కోసం గాల్విన్ ఓ బాంకరుగారి ప్యాకార్డు కారుకి రేడియో బిగించి ఇచ్చాడనీ, అరగంట తిరక్కుండానే ఆ కారు కాస్తా అంటుకుందనీ ఒక కథ చెబుతారు. అప్పు సంగతి వేరే చెప్పాలా!

అప్పట్లో బిగించడమంటే మాటలు కాదు. పైకప్పు గుడ్డ విప్పి ఏరియల్ పరవాలి. నేలచెక్కకి కన్నం పెట్టి విడిగా బాటరీలు అమర్చాలి. అంతా అయ్యాక అసలు పని మొదలు. దొంగని పట్టుకోవాలి. ఆ పరిశోధనకి పనిముట్టు చెవే. ఇంజను వేగంతోపాటు టకటకలు పెరిగితే దోషం ప్లగ్గులది. సన్నని ఈల వస్తే కరెంటు పుట్టించే డైనమోది. ఇంజను ఆపేసినా దొర్లుతున్న కారులో చిటపటలు ఆగకపోతే చక్రాలది! ఏరియల్ తీగ పీకి చూస్తారు. గోల ఆగిందా, గాలిలోంచి వస్తోంది. ఆగలేదా, బాటరీ తీగ వెంట నడిచి వస్తోంది. చూశారా, రోగం ఎక్కడిదో తెలిశాకే మందు. ప్లగ్గులకి నిరోధకాలు, డైనమోకి కండెన్సరు, వదులైన ఇనప భాగాల మధ్య అల్లిన తీగలు.

ఒకటి సర్దుకుంటే మరొకటి. 1935 మోడళ్ళకి జనరల్ మోటార్స్ పైకప్పంతా ఉక్కుతో చేసేసరికి కప్పులో దాగిన ఏరియల్ మూగబోయింది. దాన్ని కారు కిందకో బయటకో తేవలసి వచ్చింది. 1955లో ట్రాన్సిస్టర్ల కారు రేడియో వచ్చింది. ఇదే లియర్ 1960ల మధ్యలో ఎనిమిది ట్రాకుల టేపు తెచ్చి కారుకి స్టీరియో అలవాటు చేశాడు. డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. ఈల మాత్రం పోలేదు.

కారులో దీపానికైనా స్టీరియోకైనా కరెంటు తిరిగివెళ్ళే దారి కారు ఇనప ఒళ్ళే. స్టీరియోకి ముందొక చోటా, వెనక డిక్కీలోని ఆంప్లిఫయరుకి మరొక చోటా ఎర్త్ ఇస్తే రెండింటి మధ్యా చిన్న తేడా పుడుతుంది. ఆ తేడాలోంచి ఆల్టర్నేటర్ ఈల పాటలోకి దూరిపోతుంది. కొందరు ఇంకా పెద్ద ఆంప్లిఫయరు కొంటారు. పాటతోపాటు ఈలా పెద్దదవుతుంది, అంతే. రెండింటినీ ఒకే చోట, రంగూ తుప్పూ గీకేసిన ఇనుముకి బిగిస్తే చాలాసార్లు ఆ ఖర్చే ఉండదు.

విద్యుత్తు కార్లలో ప్లగ్గులే లేవు కదా, దొంగ చచ్చాడనుకుంటాం. మోటారుని నడిపించే కరెంటు సరంజామాయే ఇప్పుడు రేడియో తరంగాలు విసురుతోంది. 2014 మోడల్ బి.ఎం.డబ్ల్యు. ఐ3లో అందుకే ఎ.ఎం. రేడియో పెట్టలేదు. ఫోర్డు కంపెనీ కూడా తీసేయబోయి, తుఫాను హెచ్చరికల వంటివి అందేది ఆ రేడియోలోనేనని అభ్యంతరాలు రావడంతో 2023 మేలో వెనక్కి తగ్గింది. గాల్విన్ దగ్గర డబ్బు లేదు, సభలో చోటూ లేదు. అయినా గోల ఉందని రేడియో తీసేద్దామనుకోలేదు. చెవి ఒగ్గి, దొంగ ఏ గదిలో ఉన్నాడో వెతికాడు.