తక్కువ ఖర్చులో హోమ్ థియేటర్: రిసీవర్‌కు తగిన స్పీకర్లు

హోమ్ థియేటర్ రిసీవర్ సినిమా ధ్వనిలోని ఛానళ్లను విడదీసి, ఒక్కొక్కదాని శక్తిని పెంచి, దాని స్పీకర్‌కు పంపుతుంది. డీకోడర్, ఆంప్లిఫయర్లు, హెచ్‌డీఎంఐ స్విచ్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. 5.1లో 5 అంటే ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్, రెండు సరౌండ్ స్పీకర్లు. మిగిలిన .1 అనేది 120 హెర్ట్జ్ లోపు గంభీర ధ్వనులకు కేటాయించిన ఛానల్, దాన్ని వినిపించేది సబ్ వూఫర్. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ థియేటర్లకు వచ్చాయి. తర్వాత డీవీడీతో ఇదే అమరిక ఇళ్లలోకి చేరింది. రిసీవర్ ఒక కంపెనీది, స్పీకర్లు మరో కంపెనీవి కావచ్చు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారికి ఈ వెసులుబాటే పెద్ద ఆసరా. అయితే జత కుదరాలంటే రెండింటి మీదా రాసిన వాట్లు సరిపోల్చితే చాలదు. ఇంపిడెన్స్ (ఓమ్‌లలో కొలిచే విద్యుత్ నిరోధం), సెన్సిటివిటీ, కూర్చునే దూరం, గది తీరు కూడా చూడాలి.

వాట్ల లెక్క

పెట్టె మీద ముద్రించే వాట్లు ఏ షరతులతో కొలిచారన్నది ముఖ్యం. యమహా ఆర్‌ఎక్స్-వి385 అనే ప్రారంభ స్థాయి 5.1 రిసీవర్‌నే తీసుకుంటే, రెండు ఛానళ్లు పనిచేస్తుండగా 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు 0.09 శాతం వక్రీకరణతో అది ఇచ్చేది ఛానల్‌కు 70 వాట్లు. ఒకే ఛానల్ మీద, ఒకే స్వరంతో, 0.9 శాతం వక్రీకరణ వరకు అనుమతిస్తే అదే యంత్రం 100 వాట్లు అవుతుంది. రెండు అంకెలూ నిజమే, కానీ కొనేవారు పోల్చుకోవలసింది మొదటిదాన్ని. ఐదు ఛానళ్లూ ఒకేసారి పూర్తి శక్తితో పనిచేయడం తక్కువ ధర రిసీవర్లకు సాధ్యం కాదు, ఎందుకంటే అన్నింటికీ విద్యుత్ సరఫరా విభాగం ఒక్కటే. సినిమాలో అలాంటి అవసరం కూడా చాలా అరుదుగా వస్తుంది. ఇక పీఎంపీఓ పేరుతో వేలల్లో రాసే వాట్లకు ప్రామాణిక కొలత ఏదీ లేదు. ఆ అంకెను పక్కన పెట్టడమే మంచిది.

స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో తేల్చడంలో సెన్సిటివిటీది పెద్ద పాత్ర. 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో ఇది చెబుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ వోల్టేజీ అంటే సరిగ్గా 1 వాట్. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అదే వోల్టేజీతో 2 వాట్లు వెళతాయి కాబట్టి దాని అంకె కొంత ఘనంగా కనిపిస్తుంది.

86 డెసిబెల్స్ స్పీకర్‌ను 3 మీటర్ల దూరం నుంచి వింటే, గది ప్రభావం లెక్కలోకి తీసుకోకపోతే, 1 వాట్‌కు 76.5 డెసిబెల్స్ మాత్రమే చెవికి చేరతాయి. ఇంట్లో మామూలుగా చూసే సినిమాలో మాటలు 75 డెసిబెల్స్ దగ్గర ఉంటే, పేలుడు, యుద్ధం వంటి ఘట్టాల్లో ధ్వని 95కు ఎగబాకవచ్చు. దానికి సుమారు 70 వాట్లు కావాలి. అదే స్పీకర్ 90 డెసిబెల్స్‌ది అయితే 28 వాట్లు చాలు. గోడల నుంచి తిరిగివచ్చే ధ్వని కలవడంతో నిజానికి సగం శక్తితోనే పని జరగవచ్చు. కాబట్టి చిన్న రిసీవర్ కొన్నవారు 90కి దగ్గరగా ఉన్న స్పీకర్లు వెతికితే, పెద్ద ఆంప్లిఫయర్ ఖర్చు తప్పుతుంది. ఒక్క ఛానల్ శిఖరాలే 105 డెసిబెల్స్‌కు చేరే థియేటర్ ప్రమాణ స్థాయి ఇంటి హాల్లో ఎవరికీ అక్కరలేదు.

స్పీకర్ మీద ‘గరిష్ఠం 150 వాట్లు’ అని ఉంటే 150 వాట్ల ఆంప్లిఫయర్ తప్పనిసరి అనే నమ్మకం సరికాదు. అది స్పీకర్ తట్టుకోగల హద్దు మాత్రమే. నిజమైన ప్రమాదం చిన్న ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి మోగించినప్పుడు వస్తుంది. అప్పుడు తరంగాల శిఖరాలు తెగి, సగటు శక్తి పెరిగి, కొత్తగా పుట్టిన హెచ్చు పౌనఃపున్యాలు, వాటిని పలికే చిన్న డ్రైవర్ అయిన ట్వీటర్‌ను మాడ్చవచ్చు. ధ్వని గరగరమనగానే వాల్యూమ్ తగ్గించాలి.

ఇంపిడెన్స్, పాత సెట్ల స్పీకర్లు

రిసీవర్ వెనుక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ‘6 నుంచి 16 ఓమ్‌లు’ వంటి హద్దు రాసి ఉంటుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ స్పీకర్ లాగే కరెంటు పెరుగుతుంది. 8 ఓమ్‌లదానికన్నా 4 ఓమ్‌లది రెట్టింపు లాగుతుంది. 8 ఓమ్‌లు అన్నది నామమాత్రపు విలువ, అసలు ఇంపిడెన్స్ స్వరాన్ని బట్టి మారుతుంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది నామమాత్రపు విలువలో 80 శాతానికన్నా కిందికి, అంటే 6.4 ఓమ్‌లకన్నా కిందికి దిగకూడదు. అందరు తయారీదారులూ దీన్ని పాటించరు. కొన్ని రిసీవర్ల మెనూలో ఉండే 4 లేదా 6 ఓమ్‌ల అమరిక ఆంప్లిఫయర్‌ను బలపరచదు. వేడెక్కకుండా వోల్టేజీని తగ్గిస్తుందంతే.

తక్కువ ఖర్చు ప్రయత్నాల్లో ఎక్కువ చిక్కు ఇక్కడే వస్తుంది. డీవీడీ కాలంలో ఒకే పెట్టెలో వచ్చిన హోమ్ థియేటర్ సెట్లు చెడిపోయాక, ఆ స్పీకర్లను కొత్త రిసీవర్‌కు కలపాలనుకోవడం సహజం. అయితే వాటిలో చాలావరకు 3 లేదా 4 ఓమ్‌లవి, ఆ సెట్టు ఆంప్లిఫయర్ కోసమే చేసినవి. రిసీవర్‌కు కలిపితే వాల్యూమ్ పెంచగానే అది వేడెక్కి ఆగిపోవచ్చు. స్పీకర్ మీద అంకె చెరిగిపోతే మల్టీమీటర్ సాయపడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో సాధారణంగా 5.5 నుంచి 7 మధ్య, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 మధ్య చూపుతుంది. ఒకే టెర్మినల్‌కు రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా కలిపితే రిసీవర్‌కు 4 ఓమ్‌లే కనిపిస్తాయి.

ఆ సెట్ల సబ్ వూఫర్‌తో మరో ఇబ్బంది ఉంది. దానిలో ఆంప్లిఫయర్ ఉండదు, తీగ ద్వారా శక్తి అందుతుంది. రిసీవర్‌లో సబ్ వూఫర్ కోసం ఉండేది బలహీనమైన లైన్ సంకేతం ఇచ్చే పిన్ను మాత్రమే. కాబట్టి సొంత ఆంప్లిఫయర్ ఉన్న యాక్టివ్ సబ్ వూఫర్ కొనాలి, లేదా పాతదానికి విడిగా ఆంప్లిఫయర్ బోర్డు పెట్టించాలి.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్, క్యాబినెట్ కొని అసెంబుల్ చేయించుకునే దారి కూడా ఉంది. శక్తి పెంచే పనికి ఇది చవకైన మార్గమే. కానీ ప్రోలాజిక్ పేరుతో దొరికే చాలా బోర్డులు రెండు ఛానళ్ల ధ్వనినే కూడికలు, తీసివేతలతో పంచుతాయి. సినిమాలోని అసలు 5.1 ట్రాక్‌ను విప్పాలంటే డాల్బీ డిజిటల్, డీటీఎస్ డీకోడర్ ఉండితీరాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మొత్తంలో మూడింట రెండు వంతులు స్పీకర్లు, సబ్ వూఫర్‌లకు, మిగిలింది రిసీవర్‌కు అనుకుంటే మంచి ఫలితం వస్తుంది. రిసీవర్‌లోని హెచ్‌డీఎంఐ కొన్నేళ్లకు పాతబడుతుంది. మంచి స్పీకర్లు మాత్రం దశాబ్దాల పాటు పనికొస్తాయి. సినిమాలోని మాటలు దాదాపు అన్నీ సెంటర్ నుంచే వస్తాయి కాబట్టి ముందున్న మూడు స్పీకర్లు ఒకే కంపెనీ, ఒకే శ్రేణివి కావాలి. లేకపోతే పాత్ర తెర మీద ఒక పక్క నుంచి మరో పక్కకు నడిచేటప్పుడు గొంతు మారినట్టు వినిపిస్తుంది. సరౌండ్ స్పీకర్లు చిన్నవైనా, వేరే కంపెనీవైనా పెద్ద లోటు తెలియదు. సెంటర్‌కు డబ్బు చాలనప్పుడు నాసిరకం కొనేకన్నా మెనూలో ‘సెంటర్ లేదు’ అని పెట్టడమే మేలు. ఎడమ, కుడి స్పీకర్లు మాటలను పంచుకుంటాయి, ఎదురుగా కూర్చున్నవారికి అవి తెర మధ్య నుంచే వినిపిస్తాయి.

చిన్న స్పీకర్లు వాడేటప్పుడు మెనూలో వాటిని ‘స్మాల్’గా పెట్టి, క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచడం సాధారణ పద్ధతి. నాలుగంగుళాల వూఫర్లయితే 100 లేదా 120 మేలు. అంతకన్నా కింది ధ్వని సబ్ వూఫర్‌కు మళ్లుతుంది. ఎక్కువ శక్తి మింగేది ఈ కింది ధ్వనే కాబట్టి రిసీవర్‌కు భారం తగ్గి, ఉన్న వాట్లు మాటలకు, సంగీతానికి మిగులుతాయి. చిన్న రిసీవర్‌కు మంచి సబ్ వూఫర్ చేసే పెద్ద మేలు ఇదే.

సెకండ్ హ్యాండ్ రిసీవర్ కూడా మంచి ఎంపికే. దాని హెచ్‌డీఎంఐ 4కే చిత్రాన్ని పంపలేకపోతే ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, ధ్వనిని మాత్రం టీవీ నుంచి హెచ్‌డీఎంఐలోని ఏఆర్‌సీ దారిలో లేదా ఆప్టికల్ తీగతో రిసీవర్‌కు తేవచ్చు. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 వస్తాయి, డాల్బీ ట్రూహెచ్‌డీ వంటి నష్టరహిత ధ్వని రాదు. ఓటీటీ సినిమాలకు ఇది చాలు, చాలా టీవీలు వాటి ధ్వనిని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతాయి.

అమెరికాలోని బంధువుల ద్వారా రిసీవర్ తెప్పించుకునే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి విద్యుత్ 120 వోల్టులు, ఇక్కడ 230. నేరుగా ప్లగ్ పెడితే పరికరం కాలిపోతుంది. తగిన సామర్థ్యమున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధర, బరువు కలిపి చూస్తే ఆదా పెద్దగా మిగలకపోవచ్చు. ఆంప్లిఫయర్ లేని స్పీకర్లకు ఈ బెడద లేదు. యాక్టివ్ సబ్ వూఫర్‌కు ఉంది.

తీగలు, గది, సర్దుబాటు

ఖరీదైన స్పీకర్ తీగలు అక్కరలేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి పావు ఓమ్‌కు మించదు, 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది లెక్కలోకి రాదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే ఇంకాస్త లావుది తీసుకోవాలి. ప్లస్, మైనస్‌లు ఏ ఒక్క స్పీకర్‌కు తారుమారైనా బాస్ పలచబడి ధ్వని చెదురుతుంది. 1.5 వోల్టుల సెల్‌ను క్షణం తాకించినప్పుడు వూఫర్ కోన్ ముందుకు కదిలితే, సెల్ ప్లస్ తగిలిన చివరే స్పీకర్ ప్లస్.

అంతర్జాతీయ సిఫారసు ప్రకారం వినేవారికి ఎదురుగా సెంటర్, దానికి అటూ ఇటూ 30 డిగ్రీల్లో ముందు స్పీకర్లు, 100 నుంచి 120 డిగ్రీల మధ్య సరౌండ్లు ఉండాలి. సరౌండ్లు చెవికన్నా ఒకటి రెండు అడుగుల ఎత్తులో ఉంటే ఇంటి సోఫాలకు సరిపోతుంది. మన ఇళ్లలో టైల్స్ నేల, కాంక్రీటు గోడలు, స్లాబు కలిసి ధ్వనిని విపరీతంగా ప్రతిఫలిస్తాయి, మాటలు అస్పష్టంగా వినిపిస్తాయి. స్పీకర్లు మార్చే ముందు తివాచీ, మందపాటి తెరలు, పుస్తకాల అలమర పెట్టి చూడాలి. చాలాసార్లు లోపం అక్కడే తీరుతుంది. రిసీవర్ మీద కనీసం నాలుగంగుళాల ఖాళీ ఉంచాలి, తలుపులు మూసిన అరలో వేసవి వేడికి అది తట్టుకోదు.

సబ్ వూఫర్‌ను మూలన పెడితే బాస్ పెరుగుతుంది, కానీ కొన్ని స్వరాలు మితిమీరి మోగుతాయి. మంచి చోటు కనుక్కోవడానికి దాన్ని తాత్కాలికంగా కూర్చునే సోఫా దగ్గర పెట్టి, బాస్ పాట వేసి, గోడల వెంట తల వంచి నడుస్తూ వినాలి. ఎక్కడ ఒడుదుడుకులు లేకుండా వినిపిస్తే అక్కడికి దాన్ని మార్చాలి. దాని మీదున్న క్రాసోవర్ నాబ్ గరిష్ఠంలో ఉండాలి, విభజన రిసీవర్ చూసుకుంటుంది. ఆ తర్వాతే మైకు పెట్టి ఆడిసీ, వైపీఏఓ వంటి స్వయంచాలక కొలత నడపాలి. మైకు చెవి ఎత్తులో ఉండి, ఫ్యాన్ ఆపి ఉండాలి. కొలత ముగిశాక పెద్ద వూఫర్ లేని స్పీకర్లను అది ‘లార్జ్’గా నమోదు చేసి ఉంటే చేత్తో ‘స్మాల్’కు మార్చాలి.