చలికాలంలో బెంగళూరు నుంచి ఆంధ్రకు ఇల్లు మార్చేవారు తెలుసుకోవలసినవి

రెండు మూడు తరాలుగా బెంగళూరులో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో కొందరు ఉద్యోగ విరమణ తర్వాత సొంత ఊరికి తిరిగి వెళ్తున్నారు. చిత్తూరు, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, విజయవాడ వైపు వెళ్లేవారు ముందుగా అడిగేది లారీ బాడుగ గురించి. బాడుగ కన్నా ముందు చూసుకోవలసినవి రెండు ఉన్నాయి: ఏ నెలలో వెళ్తున్నాం, లారీ ఘాట్ ఏ వేళలో దిగుతుంది.

ముహూర్తం వేరు, లారీ వేరు

పుష్యమాసంలో గృహప్రవేశం చేయరు కాబట్టి చాలామంది కార్తీక, మార్గశిర మాసాల్లోనే ముహూర్తం పెట్టుకుంటారు. అంటే నవంబరు, డిసెంబరు. బంగాళాఖాతంలో తుపానులు వచ్చే కాలం కూడా అదే. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు, కోవూరు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో లారీ ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. ముహూర్తం దాటిపోతుందని మనం ఫోన్ మీద ఫోన్ చేస్తే, డ్రైవరు వానలో, చీకట్లో తొందరపడతాడు. ప్రాణం మీదకు వచ్చేది అక్కడే.

దీనికి ఉపాయం సులువే. పాలు పొంగించడానికి కావలసినవి దేవుడి పటం, దీపం, కొత్త గిన్నె, పొయ్యి, పాలు, బియ్యం, పసుపు కుంకుమ. అవి కారులోనో రైల్లోనో మనతోనే వెళ్లాలి. ముహూర్తానికి ఇంట్లో అడుగుపెట్టి పాలు పొంగించుకోవచ్చు. సామాను మరో రెండు మూడు రోజులకు వచ్చినా ఏ లోటూ ఉండదు. తొందర లేనివారు మాఘమాసం దాకా ఆగితే మరీ మంచిది. అప్పటికి వానలు వెనకబడతాయి, ముహూర్తాలూ దొరుకుతాయి.

దారి

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, చిత్తూరు సుమారు 300 మీటర్లు. ఏ దారిన వెళ్లినా బరువుతో ఉన్న లారీ ఆంధ్ర వైపు దిగుతూ పోవాల్సిందే.

కోస్తాకు వెళ్లేవారికి అలవాటైన దారి కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కడి నుంచి 16వ నంబరు రహదారి. ఇందులో పలమనేరు దాటాక బంగారుపాళెం వైపు దిగే మొగిలి ఘాట్ ఉంది. ఎక్కువసేపు బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే పైనే లారీ ఆపి, టైర్లు, బ్రేకులు చూసుకుని, చిన్న గేరులో దిగాలి.

గుంటూరు జిల్లాకు అనంతపురం, నంద్యాల, గిద్దలూరు, వినుకొండ మీదుగా మరో దారి ఉంది. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో ఘాట్ వస్తుంది. అడవిలో సెల్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి రాత్రి పెట్టుకోవద్దు. హైదరాబాదు వెళ్లేవారికి అనంతపురం, గుత్తి, కర్నూలు మీదుగా వెళ్లే 44వ నంబరు రహదారి తేలిక.

చలికాలం తెల్లవారుజామున కోలారు, పలమనేరు ప్రాంతాల్లో మంచు కమ్ముకుంటుంది. లారీ తెల్లవారి 4 గంటలకు కె.ఆర్. పురం దాటితే, పలమనేరు చేరేసరికి దాదాపు 8 గంటలు అవుతుంది. మంచు విడిచాక, వెలుతురులో ఘాట్ దిగవచ్చు. దీనికోసం సామాను ముందురోజు సాయంత్రానికే ఎక్కించి పెట్టుకోవాలి. మంచు దట్టంగా ఉంటే పెట్రోలు బంకులోనో ధాబాలోనో ఆగాలి, రోడ్డు అంచున ఆపకూడదు.

లారీ మాట్లాడుకునేటప్పుడు

మన దేశంలో ఇల్లు మార్చడానికి లారీని డ్రైవరుతో సహా మాట్లాడుకోవడమే వాడుక. కాగితం మీద రాయించుకోవలసినవి ఇవి:

- బాడుగలో టోలు, ఎక్కించే దించే కూలి, డ్రైవరు బత్తా కలిసి ఉన్నాయా లేదా.
- సరకు, బండి కలిపి 3000 కిలోలు దాటే వాహనానికి రాష్ట్రం దాటాలంటే నేషనల్ పర్మిట్ ఉందా. ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు తేదీలు కూడా చూడాలి.
- దూరం వెళ్తుంటే రెండో డ్రైవరు ఉన్నాడా. విజయవాడ 600 కిలోమీటర్లకు పైనే, విశాఖపట్నం దాదాపు 1000.
- వాన వల్ల ఆగితే రోజుకు ఎంత అదనం. ఇది ముందే తేల్చుకుంటే దారిలో పేచీ ఉండదు.
- సామాను రసీదులో వస్తువుల జాబితా, వాటి విలువ. విలువ రాయించకపోతే నష్టం జరిగినప్పుడు పరిహారం బాడుగను బట్టి కట్టిన పరిమితి దాటదు. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.

డబ్బు మిగులుతుందని ఇంట్లో వాళ్లను సామానుతో పాటు లారీ వెనక ఎక్కించవద్దు. సరకు వాహనంలో అలా ప్రయాణించేవారికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

సర్దడం

దిగుడులో బరువంతా ముందుకు తోసుకొస్తుంది. బీరువా, గ్రైండరు, రుబ్బురోలు వంటివి క్యాబిన్‌కు ఆనించి అడుగున పెట్టించి, తాళ్లతో కట్టించి, మధ్యలో పరుపులు ఇరికించాలి. ఫ్రిజ్‌ను ఒకరోజు ముందే ఖాళీ చేసి నిలువుగా నిలపాలి. స్కూటరులో పెట్రోలు తీసేయాలి. మూసిన కంటైనరు లారీ దొరకకపోతే పైన రెండు వరసల టార్పాలిన్ కప్పించాలి. నగలు, ఆస్తి పత్రాలు, మందులు, పాత ఫోటోలు లారీలో వేయవద్దు.

గ్యాస్ సిలిండరు లారీలో ఎక్కించకూడదు. డీలరుకు అప్పగించి టర్మినేషన్ వోచరు తీసుకుంటే, కొత్త ఊళ్లో దాన్ని చూపి కనెక్షను పొందవచ్చు.

కాగితాలు

- వాడిన ఇంటి సామానుకు జీఎస్టీ ఈ-వే బిల్లు అక్కర్లేదు. అయినా తనిఖీలో చూపడానికి సంతకం చేసిన జాబితా, ఆధార్ నకలు డ్రైవరు దగ్గర ఉంచండి.
- కర్ణాటక రిజిస్ట్రేషను కారు, స్కూటరు మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ ముందే తెచ్చుకోండి.
- ఓటు మార్పుకు ఫారం 8.
- నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వవలసిన పింఛనుదారులు ఆ పని ముగించుకుని బయల్దేరండి.

బయల్దేరే ఐదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ సూచనలు చూడండి. దక్షిణ కోస్తాకు తుపాను హెచ్చరిక ఉంటే లారీని వాయిదా వేయించండి. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కు, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ రసీదు వెనక రాసి డ్రైవరుకు ఇవ్వండి. "నిదానంగా రా నాయనా, మాకు తొందరలేదు" అని ఎక్కేముందే అతనికి చెప్పండి.