దొరలు వదిలేసిన మూడు కన్నాలు

2025 నవంబరు 1తో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి పాతికేళ్లు నిండాయి. రాజధాని హోదా వచ్చాక రాయ్‌పూర్‌లో మా శంకర్ నగర్ ఆనవాలు పట్టలేనంతగా మారింది. మారనిది గోడమీది ప్లగ్గొక్కటే. పైన లావుపాటి కన్నం, కింద సన్నవి రెండు.

మొదట్లో కరెంటంటే దీపమే. 1899లో కలకత్తాలో వెలిగింది, 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషన్ లేచింది. ఇస్త్రీపెట్టెను బల్బు హోల్డరుకే తగిలించిన రోజులవి. చెక్కపట్టీల మీద వైర్లు, పింగాణీ ఫ్యూజులు, నల్ల బేక్‌లైట్ స్విచ్చులు. 1934లో బ్రిటన్ గుండ్రటి పిన్నులకు బీఎస్ 546 పేరుతో కొలతలు ఖాయం చేసింది. మన 5, 15 ఆంపుల ప్లగ్గులు ఆ తానులో ముక్కలే.

అసలు ముచ్చట ఇక్కడుంది. 1942లో, యుద్ధం సాగుతుండగానే, రేపు కట్టబోయే ఇళ్లలో వైరింగు ఎలా ఉండాలో తేల్చడానికి లండన్‌లో ఒక కమిటీ కూర్చుంది. ఇరవై మందిలో ఒక్కతే మహిళ, కారొలైన్ హాస్లెట్. ఇంట్లో పిల్లలు తిరుగుతారన్న సంగతి ఆ కమిటీ మరిచిపోలేదు. కన్నాలకు లోపల మూతలుండాలి, పొడవాటి ఎర్తు పిన్ను దిగితేనే అవి తెరుచుకోవాలి అంది. రాగికి కరువు కాబట్టి గదిగదికీ వేరే వైరు లాగకుండా, ఫ్యూజు దగ్గర బయల్దేరి ఇల్లంతా చుట్టి మళ్లీ అక్కడికే చేరే రింగు వేయమంది. మొత్తానికి 30 ఆంపుల ఫ్యూజు ఒకటి, ప్రతి ప్లగ్గులో చిన్న ఫ్యూజు ఇంకొకటి. ఆ చదరపు పిన్నుల 13 ఆంపుల ప్లగ్గుకు ప్రమాణం వచ్చిన ఏడు 1947!

దొరలు కొత్తది పెట్టుకున్నారు, పాతది మనకు మిగిలింది. నాకైతే చిన్నబుచ్చుకోవాల్సిందేమీ కనిపించదు. ఫ్యూజుబోర్డు నుంచి దేని దారి దానిదిగా వేసే మన వైరింగులో తప్పు పట్టుకోవడం తేలిక. ఐఎస్ 1293 ప్రమాణం 5ను 6గా, 15ను 16గా సవరించిందంతే.

ఆ తర్వాత కథ దారి తప్పింది. కూలరు, ఏసీ, ఇన్వర్టరు, గోడలోనే యూఎస్‌బీ, ఏ దేశపు పిన్నైనా దూరే సాకెట్టు. ఫ్యూజు పోయి ఎంసీబీ వచ్చింది. అయినా ఎర్తు పిన్ను పీకేసి రెండు కన్నాల్లో కుక్కే మహానుభావులు ఇంకా ఉన్నారు. మిగతా రెండిటికన్నా ముందు తగిలి, చివర్లో విడిపోవాలనే దాన్ని పొడుగ్గా చేశారు, దయచేసి ఉండనివ్వండి. మీటరు బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఈ వారమే పెట్టించుకోండి.