కంపలో ఇరుక్కున్న తుపాకి

మాది చెన్నూరు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. గోదావరి మా దగ్గర ఉత్తరానికి మళ్ళుతుందని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాం. ఊరు దాటి కోటపల్లి వైపు వెళ్తే అడవే. టేకు, వెదురు, తునికి, కింద మనిషెత్తు కంప. నేనేమో హైదరాబాదులో కోడు రాసుకుని బతుకుతున్నాను. తుపాకిని సినిమాల్లోనూ కంప్యూటర్ గేముల్లోనూ తప్ప చేత్తో పట్టుకున్నది లేదు. అయినా తుపాకి గొట్టం ఎన్ని అంగుళాలుండాలి అని ఇంత పొడుగు రాయడానికి కారణం మా తాత.

తాత చిన్నతనంలో, అంటే 1950ల చివర్లో, పట్నం నుంచి వేటగాళ్ళు జీపుల్లో వచ్చేవాళ్ళట. ఊళ్ళో మగవాళ్ళు డప్పులు, రేకు డబ్బాలు కొట్టుకుంటూ అడవిని ఒక వైపు నుంచి తోలాలి. దాన్ని హాకా అంటారు. ఒక రోజు అడవిపందికి గుండు తగిలింది కానీ చావలేదు, కంపలో దూరింది. తాత వాళ్ళ అన్న దాన్ని వెతకడానికి ముందు నడిచాడు. వెనక దొర. పంది ఒక్కసారిగా బయటికి వచ్చింది. దొర తుపాకి తిప్పేలోపు గొట్టం బలుసు కంపలో ఇరుక్కుందట. పెద్దతాత తొడ చీలిపోయింది. పోయేదాకా కుంటుతూనే నడిచాడు.

"గొట్టం పొడుగుంటె ఏం లాభం బిడ్డా, కంపల ఇరుకుతది" అని తాత ఈ కథ ప్రతిసారీ ఇలాగే ముగించేవాడు. ఇంజనీరింగ్ చదివిన పాపానికి నాకు అనుమానం వచ్చింది. నిజంగా పొడుగే కారణమా? అయితే అంత పొడుగు ఎందుకు పెట్టినట్టు?

వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, ఆ పొడుగు వేట కోసం పెట్టింది కాదు. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టం 39 అంగుళాలు. తుపాకి మొత్తం 55 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగుల పైమాటే. సైనికులు రెండు వరుసల్లో నిలబడి పేలుస్తారు కదా, వెనక వరుసవాడి గొట్టం ముందువాడి చెవి దాటి ఉండాలి. పైగా గుర్రం మీద వచ్చేవాణ్ణి బాయొనెట్టుతో అందుకోవాలి. దానికి తోడు ఆ రోజుల్లో వాడిన నల్లమందు. ఆ మందు వేగాన్ని పూర్తిగా రాబట్టాలంటే పొడుగు గొట్టమే మేలు. 1871 నాటి మార్టినీ హెన్రీకి వచ్చేసరికి గొట్టం 33 అంగుళాలకు తగ్గింది. మన పల్లెల్లో భర్మారు అని పిలిచే నాటు తుపాకీ మందును మూతి నుంచి దట్టించే ఆ పాత రకమే. అదీ పొడుగే. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంటు సైన్యానిది, వాడుకునేది అడవిలో తిరిగేవాడు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లతో మనందరం ఆఫీసుల్లో కుస్తీ పడుతున్నవాళ్ళమే కదా.

1880ల్లో పొగ రాని మందు వచ్చాక లెక్క మారింది. తక్కువ మందుతోనే చాలా ఎక్కువ వేగం వస్తుంది కాబట్టి పొట్టి గొట్టంతోనూ పని జరుగుతుంది. అయినా సైన్యాలు వెంటనే మారలేదు. లీ ఎన్‌ఫీల్డ్ గొట్టం 1895లో కూడా 30 అంగుళాలే. బోయర్ యుద్ధం (1899-1902) అయ్యాక, 1904లో వచ్చిన పొట్టి లీ ఎన్‌ఫీల్డులో దాన్ని 25 అంగుళాలకు కోసేశారు. ఇక 1944లో, ఆసియా అడవుల్లో యుద్ధం నడుస్తుండగా, 'జంగిల్ కార్బైన్' అని పేరుపడ్డ మోడల్ తెచ్చారు. గొట్టం 19 అంగుళాల లోపే, బరువు మూడు కిలోల పైచిలుకు. కంపలో పట్టుకు తిరగడానికి బాగానే ఉంది. కానీ మంట కళ్ళు చెదిరేలా వచ్చేది, అందుకని మూతికి గరాటా లాంటిది తగిలించారు. భుజం మీద తన్ను కూడా గట్టిగా ఉండేది, దానికి రబ్బరు దిండు పెట్టారు. సరిచేసుకున్న గురి నిలవడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. 1947కల్లా తయారీ ఆగిపోయింది. అంటే పొట్టి చేయడం కూడా ఉచితంగా రాదు.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం (భయపడకండి, పదో తరగతి లెక్కే). గొట్టం ఒక అంగుళం తగ్గితే మామూలు రైఫిల్లో గుండు వేగం సెకనుకు సుమారు ఇరవై ముప్ఫై అడుగులు తగ్గుతుంది. ఆరు అంగుళాలు కోస్తే నూట యాభై అడుగులనుకోండి. సెకనుకు 2400 అడుగుల వేగంతో వెళ్ళే గుండుకు అది ఆరు శాతం. మా అడవిలో వానాకాలం తర్వాత నలభై మీటర్లు కనపడితే గొప్ప. ఆ దూరంలో ఆరు శాతం తేడా పందికి తెలియదు.

రెండోది గురి. గొట్టం మీద వెనకొకటి, ముందొకటి గురి గుర్తులుంటాయి. వాటి మధ్య దూరం ఎంత ఎక్కువుంటే మన తప్పు అంత తగ్గుతుంది. మధ్య దూరం 700 మిల్లీమీటర్లున్న తుపాకిలో గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే నలభై మీటర్ల దగ్గర 5.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 500 ఉన్నదాంట్లో 8 సెంటీమీటర్లు. రెండింటికీ తేడా రెండు సెంటీమీటర్ల పైచిలుకే. అదే రెండు వందల మీటర్లయితే తేడా పదకొండు సెంటీమీటర్లు దాటుతుంది. మైదానంలో జింకను కొట్టేవాడికి పొడుగు గొట్టం లాభమే. కంపలో మాత్రం ఆ లాభం దాదాపు సున్నా, ఇరుక్కునే నష్టం మాత్రం మిగులుతుంది.

మరి డబ్బున్న వేటగాళ్ళు ఏం చేశారు? జంట గొట్టాల రైఫిల్ కొన్నారు. అందులో గొట్టం వెనక బోల్టు ఉండదు. మధ్యలో విరిచి గుండ్లు పెడతారు. అందుకని గొట్టం అంతే ఉన్నా తుపాకి మొత్తం మీద దాదాపు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. పైగా చెయ్యి కదపకుండానే రెండో దెబ్బ వేయొచ్చు. ఖరీదే, సంస్థానాధీశులకు తగ్గట్టు ఉండేది. సికింద్రాబాద్ బొలారంలో 1910లో పుట్టి, మన మామండూరు, దిగువమెట్ట అడవుల్లో కూడా తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ మాత్రం .405 వించెస్టర్ వాడాడు. దాని గొట్టం 24 అంగుళాలు.

కాబట్టి కంపకు సరైన గొట్టం 20 నుంచి 24 అంగుళాలు అని తేలిపోయింది. తాత గెలిచాడు అనుకున్నాను.

కానీ చదివేకొద్దీ ఇంకోటి అర్థమైంది. మంచె మీద కూర్చుని కొట్టేవాడికి గొట్టం ఎంతున్నా ఒకటే. అక్కడ కంప లేదు, ఇరుక్కునేది లేదు. పొడుగు ప్రశ్న పుట్టేదే దెబ్బతిన్న జంతువు వెనక నడిచి వెళ్ళాల్సి వచ్చినప్పుడు. ఆ పని వచ్చేది చాలాసార్లు కంపలో నుంచి తొందరపడి కొట్టినందువల్ల. ఎంత పెద్ద గుండైనా దారిలో కొమ్మ తగిలితే పక్కకు పోతుంది. కంపను చీల్చుకుపోయే తుపాకి ఎవరూ తయారు చేయలేదు. వేట ఎక్కువగా ఎండాకాలంలో సాగించింది కూడా అందుకే: టేకు ఆకు రాలి చూపు సాగుతుంది, జంతువులు ఉన్న కాస్త నీళ్ళ దగ్గరికే వస్తాయి. దెబ్బతిన్న జంతువును వెతికి ముగించే బాధ్యత కొట్టినవాడిదే, ఆ నడకలో ముందుండాల్సింది కూడా వాడేనని వేటగాళ్ళ నియమం. పెద్దతాత ముందెందుకు నడిచాడు? ఆయన చేతిలో డప్పు కర్ర తప్ప ఏమీ లేదు కదా.

1902లో నిజాం రాజ్యానికి వేటకు వచ్చిన కర్జన్ ప్రభువు ఫోటో మీరు చూసే ఉంటారు. రాజా దీన్‌దయాళ్ తీసింది. అందులో ఆయన, ఆయన భార్య, చచ్చిన పులి. అడవిని తోలినవాళ్ళు ఫోటోలో లేరు.

చట్టానికి కూడా గొట్టం పొడవు తెలుసు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆత్మరక్షణకో వేట సరదాకో నున్నటి గొట్టం తుపాకికి లైసెన్సు అడిగితే ఆ గొట్టం కనీసం 20 అంగుళాలుండాలి. పంట కాపలాకైతే మూతి నుంచి దట్టించే తుపాకి. ఇక 1970లో పులి వేట ఆపేశారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మా పక్కనున్న కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది.

వేట ఆగిందా అంటే, తుపాకి తగ్గింది, తీగ వచ్చింది. కరెంటు లైను నుంచి తీగ లాగి జంతువులు నడిచే దారిలో కట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటారు. 2024 ఫిబ్రవరిలో గోదావరికి అవతల కాటారం మండలంలో కూంబింగుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు అలాంటి తీగ తగిలి చనిపోయారు. ఉచ్చు తీగలు ఇంకో రకం. నడుముకు ఉచ్చు బిగుసుకున్న కే4 అనే ఆడపులి 2019 ప్రాంతంలో మా చెన్నూరు అడవుల్లోనే తిరిగింది. మత్తుమందిచ్చి తీగ తీయాలని అటవీశాఖ వాళ్ళు నానా తంటాలు పడ్డారు. పంది వెనక నడవాల్సిన పని ఇప్పుడు ఎవరికీ లేదు. తీగ కట్టినవాడు అక్కడ ఉండడు కూడా.

ఈసారి దసరాకు వెళ్ళినప్పుడు తాతకు ఇదంతా చెప్పాను. కాగితం మీద రెండు తుపాకులు గీసి చూపించాను కూడా. "తాతా, తప్పు గొట్టానిది కాదు. కంపలకెళ్ళి కొట్టినందుకు దొరది. పెద్దతాతను ముందు నడిపినందుకు దొరది" అన్నాను.

తాత చాలాసేపు ఏమీ అనలేదు. బీడీ ఆర్పి పక్కన పెట్టాడు.

"ఎరికే బిడ్డా. దొరను అంటే ఊకుంటరా? ఆ పూట కూలి కూడా ఇయ్యకపోదురు. తుపాకినంటే ఎవలేమంటరు? అందుకే తుపాకినన్నం. అనంగ అనంగ గదే నిజమనిపిచ్చింది."