గంజాయిలో మందెంత, మత్తెంత

చీరాల, బాపట్ల ప్రాంతముల పెద్దలకు దగ్గుబాడు, సంతరావూరు అను గ్రామముల పేరులు క్రొత్తవి కావు. మిరపకును, పొగాకునకును, పత్తికిని పేరుపడిన సీమ యది. అయినను 19వ శతాబ్ది చివర, ఆ భూములు కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో చేరియున్న కాలమున, అచ్చటి రైతులలో కొందఱు సర్కారువారి లైసెన్సు పొంది గంజాయి పండించుచుండిరి. మద్రాసు రాజధాని మొత్తములో అట్టి అనుమతి గల తావులు మిక్కిలి కొలది. పండిన సరుకు సర్కారు గిడ్డంగికి చేరవలెను, సుంకము చెల్లిన పిమ్మటనే అంగడికి పోవలెను. 1904లో గుంటూరు జిల్లా మరల ఏర్పడినది, 1970లో ఒంగోలు జిల్లా వెలసి తరువాత ప్రకాశం జిల్లా అయినది, 2022లో బాపట్ల జిల్లా వచ్చినది. ఆ లైసెన్సు పంట మాత్రము ఎన్నడో పోయినది.

పోయిన పంట ముచ్చట ఇప్పుడేల యందురేమో. గంజాయినూనె మోకాళ్ల నొప్పికి మందనియు, నిద్రకు మందనియు, క్యాన్సరునకు సయితము మందనియు చెప్పు మాటలు నేడు చేతి ఫోనులలో ఊరూరికి వచ్చుచున్నవి. మఱియొక ప్రక్కన గంజాయి పేరు చెప్పిన చాలును, పిచ్చి యెత్తునని బెదరువారు కలరు. ఈ రెండు మాటలును పాతవే. రెండింటిని తూచి చూచిన చరిత్ర మన దేశముననే కలదు.

ముందుగా ఒక పొరపాటు తీర్చవలెను. ఇంగ్లీషువారు మన జనుమును, గంజాయిని, గోగును కూడ హెంపు అను ఒకే మాటతో పిలిచిరి. గోగునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్, అనగా గంజాయిని పోలినదని అర్థము. ఆకు చీలికలలో తప్ప ఆ రెంటికి చుట్టరికము లేదు. కావున గుంటూరు గోంగూర తినువారు ఈ పేరు విని భయపడ నక్కఱలేదు.

గంజాయిలో మగ మొక్కలు, ఆడ మొక్కలు వేఱు. పండించువారు మగ మొక్కలను ముందే పెఱికివేయుదురు. విత్తు పట్టని ఆడ పూగుత్తులకు జిగట దట్టముగా పట్టును. ఆ గుత్తులే గంజాయి, ఆకు భంగు, విడిగా తీసిన జిగట చరసు. మన వైద్యులు ఈ మొక్కను ఎఱుగని వారు కారు. భంగా, విజయా అను పేరులతో ఆయుర్వేదములో దీనికి చోటు కలదు. శార్ఙ్గధర సంహిత దీనిని నల్లమందుతో కలిపి, జీర్ణము కాకమునుపే దేహమంతట వ్యాపించు ద్రవ్యములలో చేర్చినది. 1839లో కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడుగా నుండిన ఓషాగ్నెస్సీ అను వైద్యుడు వాతపు నొప్పులకును, ధనుర్వాతమునకును, పసిబిడ్డల మూర్ఛలకును దీనిని వాడి చూచి ప్రకటించెను. ఆ మీదట ఐరోపా ఔషధశాలలలో గంజాయి సారము సీసాలకెక్కినది.

ఇంతలో గంజాయివలన జనులు వెఱ్ఱివారగుచున్నారని లండను పార్లమెంటులో ప్రశ్న లేచెను. 1893 జూలైలో ఒక కమిషను ఏర్పడినది. దానికి మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు, సభ్యులలో ముగ్గురు భారతీయులు. వారు 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక నిచ్చిరి. నాకు ఆ నివేదికలో మిక్కిలి గౌరవము కలిగించినది పిచ్చాసుపత్రుల లెక్క. 1892లో బ్రిటిషు ఇండియాలోని పిచ్చాసుపత్రులలో చేరినవారు 1,344 మంది. వారిలో 222 మందికి గంజాయియే కారణమని పుస్తకములలో వ్రాసియుండెను. కమిషనువారు ఆ వ్రాతను నమ్మి ఊరకుండలేదు, ఒక్కొక్క రోగి సంగతి తిరుగదోడిరి. తేలినదేమనగా, రోగిని తీసికొని వచ్చిన పోలీసులు తోచిన కారణము చెప్పగా గుమాస్తా దానినే వ్రాసికొనుట వాడుక. బిచ్చగాడో, బైరాగియో అయినచో ఇక అడుగనేల, గంజాయియే! తుదకు ఆ 222లో 98 మాత్రమే నిలిచినవి. అందులోను 37 మందికి గంజాయితోబాటు వేఱు కారణములును ఉండెను.

మితముగా వాడువారికి చెప్పదగినంత హాని కనబడదనియు, అమితముగా వాడిన హాని నిజమనియు, నిషేధము కంటె సుంకము, లైసెన్సు మేలనియు కమిషను తేల్చినది. భారతీయ సభ్యులలో ఇద్దఱు భిన్నాభిప్రాయము వ్రాసిరి. సర్కారునకు సుంకమువలన రాబడి కలదను సంగతి మఱువరాదు. అయినను లెక్క లెక్కయే.

కాని కమిషనువారు అడుగలేని ప్రశ్న యొకటి మిగిలెను. ఈ మొక్కలో పని చేయునది ఏది? నల్లమందునుండి మార్ఫియాను, సింకోనా బెరడునుండి 1820లో క్వినైనును తీసి గడ్డకట్టించిన రసాయనజ్ఞులకు గంజాయి లొంగలేదు. నీటిలో కరగని జిగురు నూనె తప్ప మఱేమియు రాలేదు. ఒక సీసా సారము త్రాగినవాడు మూడు దినములు మగతగా పడియుండును, మఱియొక సీసా నీళ్లతో సమానము. మోతాదు నిలువని మందు వైద్యునకు పనికిరాదు. 1942లో అమెరికా ఔషధ గ్రంథమునుండి గంజాయిని తీసివేసిరి. 1896లోనే కేంబ్రిడ్జిలో ముగ్గురు రసాయనజ్ఞులు మన దేశపు చరసునుండి కన్నాబినాల్ అను పదార్థమును వేఱుచేసిరి గాని మత్తు రహస్యము దానిలో లేదు. 1940లో రోజర్ ఆడమ్స్ అను అమెరికను కన్నాబిడియాల్‌ను వేఱుచేసెను. దీనినే నేడు సి.బి.డి. యందురు. 1964లో ఇజ్రాయేలులో గావోని, మెషూలం అను వారు మత్తు కలిగించు టి.హెచ్.సి.ని శుద్ధముగా తీసి దాని నిర్మాణము చెప్పిరి.

ఈ రెంటి భేదము మిరప పండించువారికి చెప్పుట కష్టము కాదు. కర్ణాటకపు బ్యాడగి కాయలో ఎఱుపు మెండు, ఘాటు తక్కువ. గుంటూరు కాయలో ఘాటు మెండు. రెండును మిరపయే, ఎఱుపు నిచ్చు పదార్థము వేఱు, ఘాటు నిచ్చు పదార్థము వేఱు. అట్లే ఒక గంజాయి తెగలో టి.హెచ్.సి. మెండు, వేఱొక తెగలో సి.బి.డి. మెండు. ఈ రెండును మొక్కలో ఒకే తల్లిపదార్థమునుండి పుట్టును. పచ్చిగా నున్నపుడు టి.హెచ్.సి. ఆమ్లరూపమున మత్తులేక యుండును. నిప్పు తగిలినపుడు, కాచినపుడు మత్తు మేలుకొనును.

మెదడులో టి.హెచ్.సి. పోయి తాకు ద్వారము 1988లో కనుగొనబడినది. మన మెదడే తయారుచేసికొని ఆ ద్వారమును తట్టు పదార్థము 1992లో దొరకగా, దానికి మన ఆనంద శబ్దమును తీసికొని ఆనందమైడ్ అని పేరిడిరి. చిత్రమేమనగా అదే ఆనందమైడ్ మిరప ఘాటును తెలిసికొను ద్వారమును కూడ తట్టును. ఆ మిరప ద్వారమును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెలు బహుమానములో భాగము వచ్చినది.

ఇక ఏది దేనికి మందు? టి.హెచ్.సి. మాత్రలను క్యాన్సరు మందులవలన వచ్చు వాంతులకు అమెరికాలో 1985లోనే అనుమతించిరి. రెండును సమముగా కలిపిన నోటి మందును నరముల జబ్బులో బిగిసిన కండరములకు బ్రిటనులో 2010లో అనుమతించిరి. దీర్ఘకాలపు నొప్పులకు కొంత ఉపశమన మిచ్చునని కొందఱు పరిశోధకులు చెప్పగా, 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము ఆ సాక్ష్యము చాలదనినది. టి.హెచ్.సి. గుండె వేగము పెంచును, లేచి నిలిచినపుడు రక్తపుపోటు తగ్గించును. ముసలితనమున కాలుజారుట యెంత ప్రమాదమో మీకు చెప్ప నక్కఱలేదు. చిన్నవయసువారికి మతిభ్రమణము, అలవాటు అను రెండు భయములును నిజమైనవే.

సి.బి.డి. మత్తు నీయదు. దానికి గట్టి ఋజువు ఉన్నది పిల్లల కఠినమైన మూర్ఛలలో. 2017లో ప్రకటితమైన ఒక పరీక్షలో డ్రావే మూర్ఛ గల 120 మంది పిల్లలను, యువకులను రెండు జట్లుగా చేసిరి. మందు పుచ్చుకొన్న జట్టులో నెలకు సుమారు 12 మూర్ఛలు 6కు తగ్గినవి. ఉత్తమందు పుచ్చుకొన్నవారిలో 15 నుండి 14 మాత్రమే అయినవి. 2018లో అమెరికా దానిని అనుమతించినది. కాని ఆ పరీక్షలో మోతాదు ఒడలి బరువు కిలో యొక్కంటికి దినమునకు 20 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 1,200 మిల్లీగ్రాములగును. నాలుక క్రింద నాలుగు చుక్కలు వేసికొమ్మను సీసాలో ఆ లెక్క ఎక్కడిది? మోకాళ్ల నొప్పికి సి.బి.డి. ఒక్కటే పనిచేయునను మాటకు, అది క్యాన్సరును కుదుర్చునను మాటకు నిలువదగిన సాక్ష్యము లేదు.

చట్టము సంగతియు చెప్పవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూగుత్తిని, జిగటను నిషేధించినది. గుత్తి లేని ఆకును, విత్తును ఆ నిర్వచనమున చేర్చలేదు. అనుమతి లేక మొక్కను పెంచినచో పది సంవత్సరముల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల వరకు జుల్మానా. పత్తిచేని నడుమ నాలుగు మొక్కలే గదా యని కొనువాడెవడైనను ఆశ పెట్టిన యెడల, కోర్టులో నిలువవలసినది చేను గలవాడు.

రక్తము పలుచన చేయు వార్ఫరిన్ మాత్రలు వాడుచున్న పెద్దలు మఱియొకటి గమనింపవలెను. కాలేయము ఆ మాత్రలను అరిగించు పనిని సి.బి.డి. అడ్డగించును. మాత్ర మోతాదు మాఱకున్నను రక్తములో మందు పెరిగి, రక్తస్రావము కావచ్చును. అట్టి సీసా ఇదివఱకే ఇంటికి వచ్చియున్నచో, దానిని వైద్యునకు చూపి, వాడుచున్న మాత్రల పేరులన్నియు ఆయనకు చెప్పవలెను.