కాపురం ఎక్కడ?

మన దస్తావేజుల్లో ‘ఫలానా ఊరి కాపురస్తులు’ అని రాస్తారు. ఆలుమగలు కలిసి బతకడాన్నీ కాపురమనే అంటాం. నివాసం, దాంపత్యం రెండూ తెలుగులో ఒక్క మాటలో ఇమిడిపోయాయి. అమెరికా చట్టం ఈ రెంటినీ వందేళ్ల కిందటే విడదీసింది. ఆ సంగతి వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఇవాళ ఎన్నో తెలుగు ఇళ్లకు తెలిసి తీరాలి. పూర్వం ఫార్మ్‌వెల్ అని పిలిచిన ఆ రైల్వే పల్లె పక్కన 1962లో డల్లస్ విమానాశ్రయం వచ్చింది, 1990ల నుంచి ఇంటర్నెట్ కంపెనీలూ డేటా సెంటర్లూ వచ్చాయి. 1960లో పాతిక వేల లోపున్న లౌడన్ కౌంటీ జనాభా 2020 నాటికి 4,20,959 అయింది. ఇక్కడ ఒకే ఇంట్లో ఒకరికి అమెరికా పాస్‌పోర్టు, మరొకరికి గ్రీన్‌కార్డు ఉండటం వింతేమీ కాదు. ముసలి తల్లిదండ్రుల కోసం ఇద్దరూ నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఉండాల్సి వస్తే, ‘మీ ఆయన సిటిజనే కదా, నీ కార్డుకేం కాదు’ అన్న ధైర్యం మీద చాలామంది బయల్దేరతారు. ఆ ధైర్యానికి చట్టంలో ఆధారం లేదు.

ఒకప్పుడు ఉండేది. 1855 చట్టం ప్రకారం పౌరుణ్ని పెళ్లాడిన విదేశీ స్త్రీ, అర్హత ఉంటే, పెళ్లితోనే పౌరురాలయ్యేది. ఆ ‘అర్హత’ తొలినాళ్లలో తెల్లవారికే. దీనికి రెండో వైపు 1907 చట్టం: విదేశీయుణ్ని చేసుకున్న అమెరికన్ స్త్రీ తన పౌరసత్వమే పోగొట్టుకునేది. 1922లో వచ్చిన కేబుల్ చట్టం భార్య పౌరసత్వాన్ని భర్త పౌరసత్వం నుంచి చాలావరకు వేరుచేసింది. స్త్రీకి అది న్యాయమే, నేను దాన్ని తప్పుపట్టను. అయితే పెళ్లి ఇచ్చే నీడ కూడా దాంతోనే పోయింది. రెండేళ్లకే, 1924 చట్టం, వెళ్లి తిరిగి రాదలచిన వలసదారుకు రీఎంట్రీ పర్మిట్ పెట్టింది. మనవాళ్లకైతే అప్పటికి తలుపే మూసి ఉంది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, 1946 దాకా అదే స్థితి. 1923లో బోస్టన్ చేరిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు భార్య శేషగిరి భారత్‌లోనే ఉండిపోయింది. ఆయన 1948లో అమెరికాలోనే కన్నుమూశాడు.

ఆ తర్వాతి చరిత్రంతా ‘కాపురం ఎక్కడ?’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. 1988లో హ్వాంగ్ కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ముందుకొచ్చిన స్త్రీ, జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న భర్తతోపాటు అక్కడే ఉంటూ అప్పుడప్పుడు అమెరికా వచ్చిపోయేది. ఆమె శాశ్వత నివాసాన్ని, అంటే గ్రీన్‌కార్డు హోదాను, వదులుకున్నట్టేనని బోర్డు నిర్ణయించింది. భర్త దగ్గర ఉండటం సహజమే, కానీ అది ఆమెకు రక్షణ కాలేదు. ఏడాది దాటకముందే ఓసారి వచ్చి వెళ్తే చాలనే నమ్మకం నిలవదని కూడా ఈ తీర్పు చెబుతోంది. రెండేళ్ల రీఎంట్రీ పర్మిట్ ఉన్నా అది సాక్ష్యం మాత్రమే, హామీ కాదు. ఒక కిటికీ మాత్రం 1952 చట్టంలోని 319(బి) సెక్షన్ తెరిచి ఉంచింది. పౌరుడైన జీవిత భాగస్వామిని అమెరికా ప్రభుత్వమో, విదేశీ వాణిజ్యం పెంచే అమెరికన్ సంస్థో, గుర్తింపు పొందిన పరిశోధనా సంస్థో విదేశానికి పంపితే, గ్రీన్‌కార్డున్నవారు ఏళ్ల నివాసం నిండకుండానే పౌరసత్వం అడగవచ్చు. యజమాని పంపితే చట్టం కాపురాన్ని ఒక్కటిగా చూస్తుంది, తల్లి మంచాన పడితే చూడదు. ఈ తేడా నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

శాశ్వత నివాసి నివసించాలి కదా, అంటారు. నిజమే. పౌరుడి జీవిత భాగస్వామికి ఏటా వీసాల కోటా అడ్డు లేదు, కార్డు పోతే మళ్లీ పిటిషన్ వేయొచ్చు కదా, అనీ అంటారు. అదీ నిజమే, భారతీయులు ఉద్యోగ కోటాలో కాసే ఎదురుచూపులతో పోలిస్తే ఇది చిన్న దారి. కానీ పౌరసత్వానికి లెక్కించే నివాసకాలం మళ్లీ మొదటికొస్తుంది. పైగా పూచీ పడే పౌరుడు తన స్థిరనివాసం అమెరికాలోనే ఉందనో, తిరిగి ఏర్పరచుకుంటాననో రుజువు చూపాలి. హైదరాబాద్‌లో భార్యతో ఉంటున్న సిటిజన్‌ను కూడా వీసా ఆఫీసు అదే మాట అడుగుతుంది: కాపురం ఎక్కడ? అందుకే ఆష్‌బర్న్ నుంచి బయల్దేరే జంట విమానం టికెట్ కంటే ముందు రీఎంట్రీ పర్మిట్ గురించి ఆలోచించాలి. ఆ దరఖాస్తు అమెరికా గడ్డ మీద ఉన్నప్పుడే వేయాలి, ఊరు చేరాక గుర్తొస్తే వీలుపడదు.