వీథిబడి పంతులు: జీతపు సమస్య

ప్రాథమిక విద్యలో బోధన, ధనము, నాయకత్వము వేరువేరు సమస్యలు కావు. వీథిబడిలో ఈ మూడింటి భారమును ఒక్క పంతులే వహించెడివాడు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్కలు కోరెను. తెలుగు వ్యాకరణకర్తయైన బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో 533 బడులను, 6,641 మంది విద్యార్థులను పేర్కొని, ప్రజల పేదరికమే విద్యాక్షీణతకు మూలమని వ్రాసెను. నేటి అనంతపురము అప్పుడా జిల్లాలోనిదే.

పంతులు రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు, అది సమర్థులను ఆకర్షింపజాలదనియు మన్రో 1826లో గుర్తించెను. తహసీలు బడి ఉపాధ్యాయునకు 9 రూపాయల జీతమును ప్రతిపాదించి, కనీసము అంతయే మొత్తము విద్యార్థుల నుండి లభించునని భావించెను. 1827లో పత్తికొండ వద్ద ఆయన మరణించెను. 1836లో ఆ బడులు రద్దయ్యెను. పంతులు జీవనమునకు స్థిరత్వము లేనిచో బడికి స్థిరత్వము లేదని ఈ చరిత్ర తెలుపుచున్నది.